రాకాసి బండికి పండుగ పిలుపు

దిగంబర్ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. లేకపోతే బుద్ధున్నవాడెవడైనా ఇంట్లో ఉన్న ఒక్క జత ఎడ్లను అమ్మి, మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న లారీని తెచ్చుకుంటాడా? తెచ్చి ఊరుకున్నాడా? నాందేడ్ జిల్లా బిలోలిలోని తన మెకానిక్ షెడ్డులో పెట్టి, దాని నాలుగు చక్రాలూ పీకి, ట్రాక్టరు వెనక చక్రాలు నాలుగు బిగించాడు. సీటెక్కాలంటే నిచ్చెన వేసుకోవాలి. అది మొదటిసారి రోడ్డెక్కినరోజు పొరుగింటి సంగవ్వ "రాకాసొచ్చింది!" అని తలుపేసుకుంది. ఆ పేరే బండికి ఖాయమైపోయింది.

అలాంటి బండిని అప్పటికి ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. వానాకాలం వస్తే నల్లరేగడి లారీలను ఇరుసుల దాకా మింగేది. మంజీర ఇసుకలో దిగబడ్డ బస్సును లాగాలన్నా, ధర్మాబాద్ దారిలో ధాన్యం లారీని లేపాలన్నా దిగంబర్‌కే కబురొచ్చేది. ఒక ఏడాది మాళేగావ్ జాతరలో రాకాసి రెండు తుక్కు కార్లమీద నుంచి ఎక్కి దిగింది. జనం ఈలలకు జాతరలో అమ్మకానికొచ్చిన గుర్రాలు బెదిరాయి. ఆ పూట దిగంబర్ మీసం కిందికి దిగలేదు.

ముత్తెమ్మ మాత్రం మొగుడితో నెలల తరబడి మాట్లాడలేదు. అమ్మిన ఎడ్లు ఆమె చేతిమేత తిని పెరిగినవి. ఇంతలో పొలాల అమావాస్య వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రం ఇంటింటా ఎడ్ల మెడలకు పసుపూ నెయ్యీ రాసి, చెవిలో మరాఠీలో పిలుపు చెప్పడం అక్కడి ఆనవాయితీ. "ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయలా యా." ఇవాళ పిలుపందుకోండి, రేపు భోజనానికి రండి అని. అందరి ఇళ్లలో ఎడ్లున్నాయి. ముత్తెమ్మ వాకిట్లో ఇనుముంది. కాసేపు గుమ్మంలో కూర్చుని ఏడ్చి, లేచి, పసుపు గిన్నె తీసుకుని బండి ముందు కమ్మీకి రాయడం మొదలుపెట్టింది.

దిగంబర్ నవ్వాడు. "ఇనుముకు మెడ యాడుందే? చెవి యాడుందే?"

"ఎడ్లు పోయి ఇదచ్చింది. గిదే మన ఎద్దు. నువ్వు జర పక్కకు జరుగు," అంది.

అలా మొదలైన మాటలు మళ్లీ ఆగలేదు, పిలుపూ ఆగలేదు. వంతెనలొచ్చాయి, తారురోడ్లొచ్చాయి. రాకాసితో ఎవరికీ పనిలేకుండా పోయింది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఎవరి లారీకో అవసరమైతే దిగంబర్ పీకి ఇచ్చేశాడు. ఆ రంధ్రాల్లో గుడ్డలు కుక్కి, బండిని వాకిట్లోనే వదిలేశాడు. తొట్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి.

ఈమధ్య రోడ్డు వెడల్పు చేస్తామని సర్కారువాళ్లు వచ్చి షెడ్డు గోడమీద ఎర్రగీత గీసిపోయారు. వాకిలి కూడా గీతలోపలే. ఆ మర్నాటికే తుక్కు వ్యాపారి వచ్చి, గ్యాస్ కట్టర్ పెడితే బండిని ముక్కలు చేయడం ఒక్కపూట పని అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? దిగంబర్‌కు అన్నం సయించలేదు. నాందేడ్‌లో పాత బండ్లు సేకరించి పెద్ద షెడ్డులో భద్రపరిచే యోగేశ్ అనే కుర్రవాడున్నాడని విని కబురుపెట్టాడు.

యోగేశ్ బండి చుట్టూ తిరిగి మురిసిపోయాడు గానీ, ఒక మాట ఖరాఖండిగా చెప్పాడు. "కాకా, నడిచే బండ్లే తీసుకుంట. ఇంజన్ జామైతే నేనేం చెయ్యలేను."

ఇన్నేళ్లు కదలని ఇంజన్ జామవకుండా ఎలా ఉంటుంది? దిగంబర్‌కు తెలియనిదా? అయినా రంధ్రాల్లోని గుడ్డలు తీసి, ఇంజన్ ముందున్న నట్టుకు పొడుగు రాడ్డు తగిలించి, కళ్లు మూసుకుని తోశాడు. మెత్తగా తిరిగింది. తిరుగుతుంటే రంధ్రాల్లోంచి చిక్కటి ఆముదం పైకి పొంగింది.

"గిదేంది? ఆముదమెట్లచ్చింది?"

ముత్తెమ్మ తప్పు చేసినదానిలా కొంగు సర్దుకుంది. "పండుగ పూట ఎడ్లకు గొట్టంతోని నూనె తాగిస్తం గద. దీనికి నోరేదో తెల్వక, గుడ్డలు తీసి గా బొక్కలల్ల పోసిన. ఏటేటా పోసిన. నువ్వు తిడ్తవని చెప్పలే."

దిగంబర్ తిట్టలేదు. బండి చక్రానికి ఆనుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె పెంచిన ఎడ్లను అమ్మినందుకు ఇన్నేళ్లలో తాను ఒక్కసారైనా ఆమెను క్షమించమని అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నాజిళ్లు వెతికి తెచ్చి బిగించారు. రాకాసి దగ్గి, నల్లటి పొగ కక్కి, బిలోలినంతా లేపింది. దిగంబరే నాందేడ్ దాకా నడిపాడు. దారిపొడుగునా ముసలివాళ్లు గుర్తుపట్టి చేతులూపారు. యోగేశ్ రంగులన్నీ కొత్తగా వేయించాడు గానీ, పసుపు గారకట్టిన ముందు కమ్మీని దిగంబర్ ముట్టుకోనివ్వలేదు.

ఏడాది తిరిగింది. కూలుస్తామన్న షెడ్డు కూలనే లేదు, సర్కారు పని సర్కారు పనే. పొలాల అమావాస్య మళ్లీ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ముత్తెమ్మ బస్సెక్కలేకపోయింది. పసుపు గిన్నె పట్టుకుని దిగంబరే నాందేడ్ వెళ్లాడు. కమ్మీకి పసుపు రాశాడు, అటూ ఇటూ చూసి, ఇంజన్ దగ్గర వంగి మెల్లగా పిలుపు చెప్పాడు.

ఇంటికి రాగానే ఆమె అడిగింది. "పిలిచినవా?"

"పిలిచిన."

మర్నాడు ముత్తెమ్మ పూర్ణం పోళీ చేసి, వాకిట్లో రాకాసి నిలిచిన చోట, ఇంకా పోని నూనె మరక పక్కన, విస్తరిలో ఒకటి పెట్టింది. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి ఇవాళేమంటాడోనని వెనక్కి చూసింది.

"ఒక్కటే పెట్టినవేందే?" అన్నాడు దిగంబర్. "పెద్ద ప్రాణమది. ఇంకోటి పెట్టు."