నాలుగో పక్క కుట్టని బొంత

మా ఇంట్లో ఫ్యాను వేసుకోవాలంటే మా ఆయన నన్ను అడగాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే నేను హాల్లో చాప పరిచి, దాని మీద బట్టముక్కలు పేరుస్తాను. కుట్టేదాకా దేనికది విడిగా ఉంటుంది కాబట్టి గాలి తగిలితే అన్నీ ఎగిరిపోతాయి. నరసాపురం ఉక్క ఎలాంటిదో ఇక్కడ ఒక్క ఎండాకాలం గడిపినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వారమంతా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని వచ్చిన మనిషి, బనీను తడిసిపోయి, పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటూ అడుగుతారు.

"అయిందా అండీ మేడంగారూ?"

అవదు. ఎర్రముక్క తీసి ఆకుపచ్చ పక్కన పెడతాను. నిలబడి చూస్తాను. కుర్చీ ఎక్కి చూస్తాను. ఫోనుతో ఫొటో తీసి అందులో చూస్తాను. నచ్చదు. అంతా కలిపేసి మళ్ళీ మొదలుపెడతాను. ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోతారు.

బొంతలు కుట్టడం నా పిచ్చి. పిచ్చి అన్నమాట మా అక్కది. అక్క రెండు వీధుల అవతలే ఉంటుంది, రోజూ సాయంత్రం వచ్చి నా ఇంటిని తనిఖీ చేసి వెళుతుంది. మా అమ్మాయి మాత్రం ఫోన్లో వీడియోలు చూపించి, "అమ్మా, దీన్ని క్విల్టింగ్ అంటారు. దీనికి పెద్ద పెద్ద క్లబ్బులున్నాయి" అంటుంది. క్లబ్బుల సంగతి నాకు తెలీదు. నా చేతులు ఊరుకోవు, అంతే. మొగల్తూరు దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. బస్సులో సీటు దొరికితే చాలు, బ్యాగులోంచి సూది బయటికి వస్తుంది. చేతిలో పని లేకపోతే కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాను, ఎదురైనవాళ్ళ మీద అరుస్తాను.

ముక్కల్ని ఒకదానికొకటి కలపడం మిషను మీదే. పొరలు కలిపి కుట్టేది మాత్రం చేత్తోనే. కింద పాత లుంగీ, మధ్యలో పాత దుప్పటి, పైన నా అతుకులు. పొరలు జరగకుండా పెద్ద పెద్ద టాకాలు వేసుకుని, ఆ తర్వాత సన్నకుట్టు. ఒక వరస పూర్తవగానే బొంత తిరగేసి వెనకవైపు చూస్తాను. ముందువైపు ఊరంతా చూస్తుంది, వెనకవైపు కుట్టిన మనిషే చూడాలి అనేది మా అమ్మ. వెనక కుట్టు వంకర పోయిందా, వరసంతా విప్పేస్తాను. నిజం చెప్పాలంటే నేను కుట్టేదానికంటే విప్పేదే ఎక్కువ.

ఈమధ్య కుట్టినవన్నీ చిన్నవిగానే మొదలయ్యాయి. టైలరు దగ్గర మిగిలిన యూనిఫారం ముక్కలతో నీలంరంగు దిండు గలీబు ఒకటి. అది బాగా కుదిరింది, సోఫాలో ఉంది. లేసు పనిచేసే ఇంటావిడ ఒకరు, ఎగుమతికి పనికిరావని పక్కన పెట్టిన లేసు చక్రాలు ఇస్తే, వాటిని ముదురు గోధుమరంగు గుడ్డ మీద పరిచి చిన్న మేజాబల్ల గుడ్డ మొదలుపెట్టాను. తెల్ల అల్లిక ముదురు రంగు మీద ఎంత బాగా లేచిందంటే, ఆపలేక పెంచుకుంటూ పోయాను. ఇప్పుడది డైనింగు టేబులు దాటి నేలకి వేలాడుతోంది. ఆ తర్వాత మూర పొడుగున ఇంకోటి మొదలుపెట్టాను.

మా ఆయన దాన్ని చేత్తో కొలిచి చూసి, "ఇది ఎవరి కొలత?" అన్నారు.

"మిషను మీద కప్పడానికి."

ఆయన కొలిచిన చెయ్యి తియ్యకుండా నా మొహంలోకి చూశారు. అలా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వారమంతా దానికి చుట్టూ వరసలు వేసుకుంటూ పోయాను. చివరికి అది డబుల్ కాట్ బొంత అయింది. "నీ బొంతలేంటే, చిన్నగా పుట్టి ఒక్కసారే పెళ్ళీడుకొచ్చేస్తున్నాయి" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే అవన్నీ ఒక్క బొంత కుట్టకుండా ఉండడానికి కుట్టిన బొంతలు. మా అమ్మాయి కడుపుతో ఉంది. బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసం గుడ్డముక్క కూడా సిద్ధం చెయ్యకూడదని మా వైపు పట్టింపు. పుట్టాక కూడా మొదట కొత్తబట్ట తగలనివ్వరు, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరగుడ్డలోనే చుడతారు. మేము ప్రార్థన చేసుకునేవాళ్ళం. శకునాలు, ముహూర్తాలు చూడం. అయినా ఈ ఒక్క పట్టింపు మాత్రం చర్చికి వెళ్ళే ఇళ్ళలోనూ వెళ్ళని ఇళ్ళలోనూ ఒకటే.

రెండేళ్ళ కిందట, అమ్మాయి మొదటిసారి నెల తప్పినప్పుడు, నేను ఆ పట్టింపుని లెక్క చెయ్యలేదు. నా దగ్గర ఒక పసుపురంగు నూలుచీర ఉండేది, మీద చిన్న చిన్న ఎర్రపూలు. అమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు దాన్నే ఉయ్యాల కట్టాను. ఆ చీర కత్తిరించి, బుజ్జి బొంత కుట్టాను. అక్క చూసి, "ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది నీ సంబరం" అంది. "చూలు ఉంది కదక్కా" అని నవ్వాను. ఏడో నెలలో బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చి అమ్మాయి మధ్యగదిలో పడుకుని ఉంది. నేను వంటింట్లో గంజి వారుస్తున్నాను. అక్క నా పక్కన నిలబడి, "ముందే కుట్టకుండా ఉండాల్సింది. చెప్తే విన్నావా?" అంది. నేను నోరెత్తలేదు. ఆ మాట నేను నమ్మలేదు. నమ్మలేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పనూ లేను.

ఆ బొంతని పారేయలేకపోయాను, బీరువాలో పెట్టుకోనూ లేకపోయాను. కుట్లన్నీ విప్పేశాను. అప్పట్నుంచి నేను ఏది కుట్టినా అందులో ఆ పసుపు ముక్క ఒకటి ఎక్కడో అక్కడ పడుతుంది. ఎవరికీ చెప్పలేదు. అన్ని రంగుల మధ్య ఒక పసుపు ముక్క ఎవరికి కనపడుతుంది?

ఈసారి ఏడో నెల దాటాక అమ్మాయి పురిటికి వచ్చింది. నా కళ్ళు దాని పొట్ట మీదే. బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తూ ఫోను వైపు చూస్తాను. ఇంటికి రాగానే, "కదులుతోందా?" అని అడుగుతాను. "కదులుతోందమ్మా, నీకంటే నయం" అంటుంది. సూది పట్టుకుంటే కుట్టు వంకర పోతోంది, విప్పుతున్నాను, మళ్ళీ వంకర పోతోంది. మిగిలిన పసుపు ముక్కల సంచి మంచం కింద ఉంది. దాన్ని రోజూ బయటికి లాగి, మళ్ళీ లోపలికి తోసేస్తున్నాను.

ఒక సెలవురోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మాయి హాల్లో చాప మీద ఆ నీలం దిండు పెట్టుకుని పడుకుంది. ఊరికే కూర్చోలేక ఇంట్లో ఉన్న గలీబులన్నీ ఉతుకుదామని పోగేస్తున్నాను.

"ఆ దిండు ఇటివ్వు."

"ఇది వద్దమ్మా. రంగు పోతుంది."

"ముతక యూనిఫారం గుడ్డ, దానికి రంగు పోవడమేంటి?"

"యూనిఫారం కాదు. ఇది" అని గలీబు మూలన వేలు పెట్టి చూపించింది. నీలం ముక్కల మధ్య పసుపు ముక్క, దాని మీద ఒకటిన్నర ఎర్రపువ్వు. "ఇది దాని బొంతేగా?"

పోగేసిన గలీబులు చేతిలో పట్టుకుని ఆ మూల వైపు వంగి చూశాను.

"నేను ఉయ్యాలూగిన చీర నాకు తెలీదా? టేబుల్ గుడ్డ మీద ఉంది. పెద్ద బొంతలో ఉంది. ఇంటికొచ్చినప్పుడల్లా వెతుక్కుంటాను. దీంట్లోదే పెద్దముక్క. అందుకే దీని మీద పడుకుంటాను."

వచ్చినప్పుడల్లా ఆ దిండే కావాలంటే, నేను దూది బాగా కూరానని మురిసిపోయాను.

"మిషనుకి కూడా బొంత కుట్టావంట, నాన్న చెప్పారు. దీనికి మాత్రం కుట్టలేదు" అంటూ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అంటే ఇది కూడా ఉండదనేగా?"

"నోరు ముయ్యి!" అని అరిచాను. చేతిలో గలీబులు నేలకేసి కొట్టాను. వీధి గుమ్మంలో ఉన్న మా ఆయన లోపలికి తొంగిచూసి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయారు.

అమ్మాయి అరవలేదు. "పెద్దమ్మ వంటింట్లో అన్నది నేను విన్నానమ్మా. ఆవిడ అలాగే అంటుంది, ఆవిడ సంగతి తెలిసిందే. నువ్వేమంటావా అని చెవులు రిక్కించుకుని పడుకున్నాను. నువ్వేమీ అనలేదు."

నేను కింద కూలబడ్డాను. "నాకు భయమే" అన్నాను. "నా చెయ్యి తగిలితే ఏమవుతుందోనని భయం. నాకు నిద్ర లేదు, తిండి సహించట్లేదు. సూది ముట్టుకోకుండా ఉందామంటే ఉండలేను."

"నాకూ భయమే" అంది. "అయినా నేను మొయ్యట్లేదా?"

అదే లేచి, మంచం కిందికి వంగలేక, కాలితో ఆ సంచిని బయటికి లాగింది. సంచి సంగతి కూడా దానికి తెలుసు. "నేను పక్కన కూర్చుంటాను. ఈ గలీబులో ముక్క కూడా విప్పి అందులో వెయ్యి."

"వద్దే తల్లీ. పోయినదాని గుడ్డ..."

"దీనికి ముందు ఒకరున్నారని దీనికి తెలియొద్దా?"

గలీబు మూల కుట్లు విప్పడం మొదలుపెట్టాను. బతుకంతా విప్పిన చేతులు, ఆరోజు రెండో కుట్టు దగ్గరే ఆగిపోయాయి. అమ్మాయే బ్లేడు తీసుకుని ఒక్కొక్క దారం తెంపింది.

సాయంత్రం అక్క వచ్చేసరికి పసుపు ముక్కలు చాప మీద పరిచి ఉన్నాయి. కరెంటు వచ్చినా ఫ్యాను ఆపే ఉంది. అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటే ఇది? మళ్ళీనా?"

"బిడ్డకి బొంత కుడుతున్నానక్కా" అన్నాను. "నేను కుట్టడం వల్ల అప్పుడు ఏమీ అవలేదు. ఆ మాట అప్పుడే అనాల్సింది, ఇప్పుడంటున్నాను."

అక్క మొహం ఎర్రబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, అమ్మాయి పక్కన కూర్చుంది. ఒక పసుపు ముక్క చేతిలోకి తీసుకుని నలిపి చూసింది.

"సరే కుట్టుకో. ఒక్క పక్క మాత్రం వదిలెయ్. మూడు పక్కలు కుట్టి నాలుగోది పుట్టాక మూద్దువు. అలాగైతే తప్పు లేదు."

అలాంటి వెసులుబాటు ఎక్కడుందో అక్కకే తెలియాలి. నేను నోరు తెరిచేలోపు అమ్మాయి అంది, "వదిలెయ్యమ్మా. పెద్దమ్మకి నిద్ర పట్టొద్దా?" అక్క దాని నెత్తిన మెత్తగా ఒక్కటిచ్చింది.

మూడు పక్కలు కుట్టాను. నాలుగో పక్క నోరు తెరుచుకుని ఉండేది. బిడ్డకని ఈసారి మధ్యలో దుప్పటి వెయ్యలేదు, పైన కిందా చీరగుడ్డే, చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని ఉతికి ఎండబెట్టి ఆసుపత్రి సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టాను. ఒక రోజు పైకి తీశాను. మళ్ళీ అడుగున పెట్టాను.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. అల్లుడు దారిలో ఉన్నాడు. మా ఆయన మందుల చీటీ పట్టుకుని పైకీ కిందికీ తిరుగుతున్నారు. అక్క బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. నేను కూర్చోలేను. ఆ వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాను. మంచినీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను. తలుపు దగ్గరికి వెళితే ఆయా, "కాస్త దూరంగా ఉండండమ్మా" అంది. లోపల్నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది, తర్వాత వినిపించలేదు. రెండేళ్ళ కిందట కూడా ఇలాగే కాసేపు ఏమీ వినిపించలేదు.

వెళ్ళి సంచి బోర్లించాను. బొంత తీసి, బల్ల మీద కూర్చుని, జాకెట్టుకి గుచ్చుకున్న సూది లాగాను. దారం ఎక్కించి నాలుగో పక్క కుట్టడం మొదలుపెట్టాను. అది లోపల మోస్తోంది. నేను బయట కుట్టనైనా కుట్టాలి.

అక్క కళ్ళు తెరిచింది. నా చేతి వైపు చూసింది, మూసిన తలుపు వైపు చూసింది. "ఒసేయ్..." అంటూ నోరు తెరిచింది. నేను తల ఎత్తలేదు. అక్క జరిగి నా పక్కకి వచ్చి, రెండో కొసని వేళ్ళతో పట్టుకుని, కుట్టడానికి వీలుగా గుడ్డ బిగించింది. ఎంత బిగించినా గుడ్డ ఊగుతుంటే కుట్టు వంకరపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. మూల దాకా కుట్టి, ముడి వేసి, దారం పంటితో తెంచాను. వెనక్కి తిప్పి చూడలేదు.

అక్క బొంత తన ఒళ్ళోకి లాక్కుని, ఎక్కడైనా సూది మిగిలిపోయిందేమోనని అరచేత్తో మెల్లగా తడిమింది, ఇటువైపూ అటువైపూ.

అప్పుడే తలుపు తెరుచుకుంది, లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు. నర్సు తల బయటికి పెట్టి అడిగింది.

"పాతగుడ్డ తెచ్చారా అండీ, బిడ్డని చుట్టడానికి?"

నేను బల్ల మీంచి లేవబోయాను.

"తెచ్చామండీ, తెచ్చాం" అంటూ అక్క అప్పటికే బొంత పట్టుకుని పరిగెడుతోంది.