వదిన తెచ్చుకున్న పదికి పది

మా వదిన కాలేజీ ల్యాబులో గాజుసామాను కడుగుతుంది. సాయంత్రం అక్కడే డిగ్రీ క్లాసులకు కూర్చుంటుంది. ల్యాబు అసిస్టెంటు పోస్టు ఖాళీ అయిందని తెలిసినప్పటి నుంచి ఆవిడకు ఒకటే ధ్యాస. దానికి చివరి సెమిస్టరులో సగటు ఏడు ఉండాలి.

గ్రేడులు వచ్చిన రోజు నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని వేళ్ల మీద లెక్క వేసింది. కెమిస్ట్రీకి ఆరు, లెక్కలకు ఐదు, పర్యావరణానికి తొమ్మిది, ప్రాక్టికల్సుకు పది. మొత్తం ముప్పై. నాలుగుతో భాగిస్తే ఏడున్నర.

"చూశావా, అడిగినదానికంటే అర ఎక్కువే!" అని నా బుగ్గ గిల్లింది.

ఆ పది ఊరికే రాలేదు. ప్రాక్టికల్సు రికార్డులో ఒక్కో బొమ్మ గీసి, చెరిపి, మళ్లీ గీసేది. ఆవిడ పనిలో సన్నగొట్టాలకే చాకిరీ ఎక్కువ, పెద్ద గిన్నెలు ఒక్క తుడుపుకే మెరుస్తాయి. అయినా చదువులో మాత్రం చెమట ఎక్కడ ఎక్కువ కారితే అక్కడే ఫలితం ఎక్కువ అనుకుంది. లెక్కల పుస్తకం తెరిస్తే ఆవులింతలు వచ్చేవి, మూసేసేది.

మర్నాడు దరఖాస్తు ఇవ్వడానికి తోడు వెళ్లాను. గుమాస్తా గ్రేడులు చూసి పెదవి విరిచాడు.

"నీ సగటు ఆరు పాయింటు మూడమ్మా."

"ఏడున్నర కదండీ!"

"అలా కూడకూడదు. ఒక్కో గ్రేడును దాని క్రెడిట్లతో, అంటే ఆ పేపరు బరువుతో గుణించాలి. కెమిస్ట్రీకి నాలుగు క్రెడిట్లు, ఇరవై నాలుగు. లెక్కలకూ నాలుగే, ఇరవై. మిగతా రెండింటికీ ఒక్కొక్కటి, తొమ్మిదీ పదీ. మొత్తం అరవై మూడు. పది క్రెడిట్లతో భాగించు."

"పదికి పది తెచ్చుకున్నానండీ!"

"కాదన్నానా? ఒక్క క్రెడిట్టుకు పది. లెక్కలు మళ్లీ రాసి ఏడు తెచ్చుకో, సగటు ఏడు దాటుతుంది."

"పరీక్ష ఎప్పుడు?"

"మూడు నెలలకి. దరఖాస్తు గడువు ఎల్లుండితో సరి."

దారంతా వదిన వేళ్ల మీద మళ్లీ మళ్లీ లెక్క వేసుకుంది. ఇంటికొచ్చాక సంగతి విని అన్నయ్య ఊరుకోవచ్చుగా!

"బొమ్మలకు ఉద్యోగాలిస్తారనుకున్నావా?"

"పిండి కొద్దీ రొట్టె అంటారు. బస్తా పిండి కలిపాను, అప్పచ్చంత రొట్టె చేతిలో పెట్టారు! ఏ పేపరుకు ఎంత బరువో మొదటి రోజే చెప్పడానికి వాళ్లకు నోరు లేదా?"

"సిలబస్ మొదటి పేజీలోనే ఉంటుందటగా," అన్నాడు అన్నయ్య.

"మొదటి పేజీ ఎవరు చదువుతారు!" అని గిన్నె ఠంగున పెట్టింది.

కాసేపటికి రికార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీన్ని అటక మీద పడెయ్. కళ్లెదుట ఉంటే మళ్లీ బొమ్మలే గియ్యాలనిపిస్తుంది. ఈ పోస్టు ఎలాగూ పోయింది. ఇంకోటి ఖాళీ అయినప్పుడైనా మీ అన్నయ్య నోరు మూయించాలిగా."

నేను అటక దిగేసరికి లెక్కల పుస్తకం తెరిచి కూర్చుంది. మొదటి లెక్కకే ఆవులింత వచ్చింది. దాన్నీ నాలుగు తిట్టి, మొహం కడుక్కోవడానికి లేచింది.