రొయ్యల షెడ్డులో నేను చదివిన కంప్యూటరు సీరియల్

ఇప్పుడు మనవరాళ్ల చేతిలో ఫోను మాట్లాడుతుంది, దారి చెబుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది, ఒక్కదానికీ గుండె జల్లుమనదు. మా వయసు రోజుల్లో అలా కాదు. మెషీనుకు బుర్ర మొలుస్తుందని ఎవరో వారపత్రికలో రాస్తే, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక రొయ్యల షెడ్డు షెడ్డంతా వణికిపోయింది. వణికించింది నేనే కాబట్టి, ఆ తలనొప్పి ఎలా తెచ్చుకున్నానో నేనే చెప్పాలి.

నాకు అక్షరాలు ఇరవై ఆరేళ్లకు వచ్చాయి, మా వీధిలో సాయంత్రాలు పెట్టిన పెద్దవాళ్ల బడిలో. గుణింతాలు అయ్యాయి, వత్తులు మొదలుపెట్టేసరికి పంతులమ్మకు పెళ్లి కుదిరి వెళ్లిపోయింది. ఆ సగం చదువుతోనే షెడ్డులో నేను పండితురాలిని. ముప్పై మంది ఆడవాళ్లం ఐసు నీళ్లలో చేతులు పెట్టి, రొయ్యల తలలు తీసి, తొక్క వలిచేవాళ్లం. వలిచినదాన్ని తూచి కూలి ఇచ్చేవారు. మాలో వయసులోనూ ఆకారంలోనూ పెద్దదైన బండక్క ఒక ఏర్పాటు చేసింది. వారపత్రిక అందరూ కలిసి కొనాలి, నేను గట్టిగా చదవాలి, చదివినంతసేపూ తలా ఒక గుప్పెడు వలిచిన రొయ్యలు నా గిన్నెలో వెయ్యాలి. కథ నడుస్తున్నంతసేపూ ఎవరూ లేచి తిరగరని సూపర్‌వైజరు కూడా ఊరుకున్నాడు. (మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది, మాకు విజిలు బాబు.)

ఆ వారపత్రికలో ఒక సీరియల్ వచ్చేది. ఒక ఫ్యాక్టరీలో ఒక ఇంజినీరు కంప్యూటరు పెడతాడు, అది మనుషుల మాట వినడం మానేస్తుంది. రాసినాయన బాగా చదువుకున్నవాడు కాబోలు, పేజీకి పది మాటలు నా నోటికి అడ్డం పడేవి. మొదట ఒక మాట దాటేశాను. తర్వాత ఒక వాక్యం. ఆ తర్వాత వేలు అక్షరాల మీద జరుపుతూ కథంతా నేనే అల్లి చెప్పడం మొదలుపెట్టాను. (పాపం అనిపించలేదా అంటే, లేదు.) ఆయన కంప్యూటరు ఎప్పుడు చూసినా లెక్కలే వేసేది. లెక్కలకు ఎవరు భయపడతారు? నేను దానికి ముక్కు పెట్టాను. తడి చేతుల వాసన పసిగడుతుంది, మీట మీద వేలు పెట్టగానే మోచేతి దాకా లోపలికి లాగేస్తుంది.

"ఓలమ్మో! ఆ ఇంజినీరు సెయ్యి కూడానా?" అంది బండక్క.

"రెండు సేతులూ," అన్నాను పేజీ తిప్పుతూ.

"మరి ఆడి పెళ్లానికి ఎవులు సెప్పినారే?"

"అది వచ్చీ వారం ఏత్తారు."

ఆ రోజు నా గిన్నె పొంగిపొర్లింది. భయపెట్టినకొద్దీ నిండుతోందని తెలిశాక ఎవరైనా ఆగుతారా? మా అత్త కూడా ఆ వరసలోనే కూర్చునేది. ఇంట్లో నా చేపల పులుసుకు రోజూ వంక పెట్టే మనిషి, షెడ్డులో మాత్రం నాకు రెండేసి గుప్పెళ్లు వేసేది.

ఇలా ఉండగా ఒక పొద్దున నిజం మెషీనే వచ్చింది. రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసేది. తిరిగే రోలర్లు, ముందు ఒక పెట్టె, దాని మీద ఎర్రగా వెలిగే అంకెలు. విజిలు బాబు మీటల కింద తెలుగులో చీటీలు అంటించాడు, 'నడుపు', 'ఆపు', 'కడుగు' అని. "చదువొచ్చింది నీకొక్కదానికే. దీని దగ్గర నిలబడు. నెల జీతం. నీళ్లలో చెయ్యి పెట్టక్కర్లేదు," అన్నాడు నాతో.

నీళ్లలో చెయ్యి పెట్టక్కర్లేదు! ఐసుకు నాని, రొయ్య ముల్లు గుచ్చుకుని, నా వేళ్ల సందులన్నీ ఒరిసిపోయి ఉండేవి. అన్నంలో కూర కలుపుకుంటే కారానికి కళ్లలో నీళ్లు తిరిగేవి. సరే బాబూ అందామని నోరు తెరిచేలోగా మా అత్త లేచింది.

"నా కోడలు రాదు బాబూ. అది సేతులు తినీ మెషీను."

"ఏం తినే మెషీను?"

"బుక్కులో ఏసినారు. నువ్వు సదవనేదు, నీకు తెల్దు."

వెనక ముప్పై తలలూ ఊగాయి. విజిలు బాబు నా వైపు చూశాడు. నేను రొయ్యల వైపు చూశాను. "అన్నాల వేళ దాకా చూస్తాను. ఎవరూ రాకపోతే టౌన్లోంచి పది చదివిన పిల్లను తెచ్చుకుంటాను," అని ఈల ఊది వెళ్లిపోయాడు.

ఇక తప్పక నిజం చెప్పాను. "తడి వాసనా నేదు, సేతులు లాగడవూ నేదు. నానే కల్పించినాను."

"ఉజ్జోగం కోసం ఎంత అబద్దం ఆడతన్నావే! అచ్చేసినది అబద్దమవుద్దా?" అంది అత్త.

"అచ్చేసినది కాదత్తా, నాను సెప్పినది!"

"పక్కనే కూకున్నాను. నీ ఏలు అచ్చరాల మీదే ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని వారాలు చెప్పిన అబద్ధాలన్నీ కళ్లకద్దుకున్నారు, ఒక్క నిజం చెబితే నమ్మరే! చివరికి బండక్క తన క్యారేజీ కింద పరిచిన పాత సంచిక లాగి నా ముందు పడేసింది. "అయితే సదువు. ఉన్నది ఉన్నట్టు."

చదివాను. "ఆ... యం... యంత... యంతరం... వి... వి..." అక్కడ ఆగిపోయాను. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను, మళ్లీ అక్కడే ఆగాను. నేను ఒక్క వాక్యం దాటేసరికి పక్కావిడ అరగిన్నె వలిచేసింది. పండితురాలి చెవులు సిగ్గుతో కాలిపోయాయి. ఇంతకీ ఆ పేజీ మొత్తంలో ఉన్నది, ఆ కంప్యూటరు నీళ్ల కొళాయిలు కట్టేసిందని.

"కొలాయిలా?" అంది బండక్క. "కొలాయిల కోసవా ఇన్నాళ్లూ నీకు రొయ్యలేసినాను? దొంగదానా, మా రొయ్యలు మాకెట్టీ!"

తిట్లూ నవ్వులూ కలిసి షెడ్డు ఎగిరిపోయింది. ఆ గోలలోనే లేచి మెషీను దగ్గరికి వెళ్లాను. ఒప్పుకోవాలి, కొంగుతో చేతులు మూడుసార్లు తుడుచుకున్నాను. కల్పించింది నేనే, అయినా 'నడుపు' మీదికి వెళ్లిన వేలు గాలిలో ఆగింది. కళ్లు మూసుకుని నొక్కాను. రోలర్లు తిరిగాయి. నా చెయ్యి నాకే ఉంది. (పోయింది చేత్తో సైజులు ఏరే నలుగురి పని. వాళ్లను మళ్లీ ఐసు నీళ్ల వరసలో కూర్చోబెట్టారు. ఈ సంగతి ఆ రాసినాయనా రాయలేదు, నాకూ తట్టలేదు.)

ఇంతలో వెనక నుంచి కొంగు బిగిసింది. తిరిగి చూస్తే మా అత్త. నా కొంగు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, షెడ్డులో నీళ్లు పోయే కాలవ గట్టుకు పాదం తన్నిపెట్టి నిలబడింది.

"ఏటత్తా ఇది? వదులు, బాబు సూత్తన్నాడు."

"సూడనీ. అది లాగితే నాను ఎనక్కి లాగుతాను."

"అబద్దమని సెప్పినాను కదా!"

"సెప్పినావులే. అబద్దాలాడీదానివి, నీ మాట ఏది నమ్మమంటావు?"

సాయంత్రం ఈల ఊదేదాకా వదల్లేదు. నెల జీతం ఉద్యోగం మొదటిరోజు, పలుపుతో కట్టిన పెయ్యదూడలా నేను. బండక్క వరస వరసంతా పడీ పడీ నవ్వింది. నేను పళ్లు నూరుకుంటూ, ఒక్కసారైనా అటు తిరగకుండా, ఎర్ర అంకెలే చూస్తూ నిలబడ్డాను. ఆ పళ్లు నూరుకున్న పిల్ల ఇప్పుడు కనబడితే, నెత్తిన ఒక మొట్టికాయ వేసి చెబుతాను. వెనక్కి తిరిగి చూడవే, ఆవిడ పొద్దుటినుంచి కూర్చోలేదు.