ఉతికిన చుట్టబట్ట

కొన్నేళ్ళుగా ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను.

మా యారాలు, అంటే మా బావగారి భార్య, నాకు అక్క వరస. ముంబైలో కామాటిపురా చాల్‌లో, ఆ వరస గదుల కొట్టాంలో, పక్కపక్క గదులు మావి. నా పిల్లలు ఆకలైనా ముందు ఆమె గదికే పోయేవాళ్ళు. నా కుళ్ళు అక్కడే మొదలైందేమో.

ఒకసారి మన తెలుగువాళ్ళ కాలేజీ పిల్లలు చిన్న సినిమా తీస్తామని వచ్చారు. ఇంటికో వస్తువు చూపించి, దాని కథ చెప్పాలట. పెళ్ళికి పెట్టిన స్టీలు బిందెను తళతళా తోమి ముందు పెట్టాను. "బాగుంది" అని పక్కకు జరిగారు. అక్క ఓ చుట్టబట్ట తెచ్చింది. పాలమూరు నుంచి వచ్చిన వాళ్ళమ్మ సిమెంటు తట్ట మోసేటప్పుడు నెత్తిన పెట్టుకున్న పాత చీర చుట్ట అది. సిమెంటు కారి గట్టిపడి, ఆమె తల ఆకారం అలాగే నిలిచిపోయింది. ఫోటో కూడా లేని ఆ తల్లికి మిగిలిన గుర్తు అదొక్కటే. కెమెరా పట్టుకున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. రేపు మొదట ఇదే తీస్తామంది.

ఒక మురికి గుడ్డకా ఇంత మర్యాద?

ఆ మధ్యాహ్నం అక్క కూరగాయలకు ఫోరస్ రోడ్డుకు వెళ్ళింది. ఆమె గదిలోంచి ఆ చుట్టబట్ట తెచ్చి బకెట్లో నానబెట్టాను. ముడులు విప్పాను. సబ్బు పెట్టి, సిమెంటు పెచ్చులు రాలేదాకా బండకేసి బాదాను. ఒక్కసారైనా ఆగానా? లేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. వరండా తీగ మీద ఆరేసరికి అది ఉత్త చీర పేలిక.

"ఏం జేసినవ్ చెల్లే?"

"షూటింగ్‌కు సాఫ్ ఉండాలె గదక్కా. అందుకే ఉతికిన."

ఆమె దాన్ని మళ్ళీ చుట్టి చూసింది. నిలవలేదు. "మా అమ్మ తల గింత ఉండె" అని చేతులతో గాలిలో కొలత చూపింది. మర్నాడు కెమెరా పిల్లలు నావైపు కోపంగా చూస్తే అక్కే అడ్డం వచ్చింది. "మా చెల్లెను ఏమనకుండ్రి. తెల్వక చేసింది."

ఇక వేరే దారి లేక నా బిందెను తీశారు. దాదర్‌లో ఆ సినిమా వేసినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అక్కే. అప్పుడు కూడా నాకు సిగ్గు రాలేదు, మంటే వచ్చింది. అంత మంచితనం ఆమెకే ఎందుకు, నాకెందుకు లేదు?

ఆమె ఎదుట నోరు పెగలదు. క్షమాపణ అడిగే ముఖం లేదు, అడగడం లేదు కూడా. మీ ముందైనా అననివ్వండి.

తెలియక చేయలేదు. తెలిసే చేశాను.