బతికున్న ఫిరంగి

బాపట్లలో నేనిప్పుడు అద్దెకుంటున్న ఇంటి కింద ఒక ప్రెస్సుంది; పొద్దున్నే అక్కడ శుభలేఖలు అచ్చువేస్తుంటే పచ్చి సిరా వాసన మెట్లెక్కి వంటింట్లోకి వస్తుంది, ఆ వాసన తగిలిందంటే చాలు, రేపల్లెలో మా సుజాతక్క మంచం మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ కనిపిస్తుంది.

అక్కకు గుండె జబ్బు, పదమూడేళ్లకే బడి మాన్పించారు. మా వీధంతటికీ కలిపి ఒకటే వారపత్రిక. టీచరుగారింట్లో మొదలై, ఇల్లిల్లూ తిరిగి, ఎవరింటిదో పచ్చడి మరకతో చివరికి మా ఇంటికొచ్చేది. ఆఖర్న చదివేవాళ్లం గనుక సీరియల్ కాయితాలు చింపుకునే హక్కు మాదే. వాటిని అక్క వారం వారం పుస్తకంగా కుట్టేది.

ఆ వేసవంతా ముంజలు తింటూ మేం చదివిన సీరియల్లో వేరే లోకంవాళ్ల అంతరిక్ష నౌక ఒకటుండేది. దాని ఫిరంగులు ఇనపవి కావు, ప్రాణమున్న జంతువులు. నౌక గోడలకే పుట్టి, గోడలకే అంటుకుని, గొట్టంలోంచి పోసింది తాగి, శత్రువు కనిపిస్తే ఒంట్లో వేడినంతా నిప్పుగా కక్కేవి. కక్కినప్పుడల్లా ఆయుష్షు తరిగిపోయేది. అన్నిటికన్నా చిన్నదానికి అక్క బుజ్జిది అని పేరు పెట్టింది.

"పాపం, అదీ నాలాగే కదల్లేదే," అనేది. నాకు ఒళ్లు మండేది, నోర్ముయ్యమనేదాన్ని.

వానలు మొదలవగానే అక్కను తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. పత్రిక చేతికి రాగానే నాన్నతో రైలెక్కి దారిలోనే చదివేశాను. బుజ్జిది ఆఖరి నిప్పు కక్కి చచ్చిపోయింది, సీరియల్ అయిపోయింది. ఛీ, ఎవడు రాశాడో గానీ వాడి చేతులు పడిపోను! నాన్న కునుకు తీస్తుంటే ఆ కాయితాలు పరపరా చింపి కిటికీలోంచి పారేశాను.

"ఏంటే, తెచ్చావా? బుజ్జిది బతికిందా?" అంది అక్క నన్ను చూడగానే.

"పత్రిక రాలేదక్కా. కథ ఇంకా చాలా వారాలుందంట, టీచరుగారు చెప్పారు."

అక్క నా మొహంలోకి కాసేపు చూసింది. "సర్లేవే. అన్నం తిన్నావా?" అంది. మళ్లీ ఆ మాటెత్తలేదు. నీకు తగ్గిపోతుందంట, వచ్చేవారం ఇంటికెళ్లిపోతామంట అని నేను రోజూ చెబుతుంటే ఊఁ అనేది. నాలుగో రోజు పోయింది.

దినాలయ్యాక తను కుట్టిన పుస్తకం తెరిచాను. చివరి కాయితం అడుగున పెద్దక్షరాల్లో ఉంది: ముగింపు వచ్చేవారం. నేనూ చదివిందే, కంగారులో మర్చిపోయాను. కథ ఇంకా చాలా ఉందని నేననగానే బుజ్జిది చచ్చిపోయిందని అక్కకు తెలిసిపోయిందన్నమాట.

ఆ పత్రిక ఆగిపోయింది. సీరియళ్లు కుట్టుకునేవాళ్లు లేరు, ఆ పుస్తకాన్ని చెదలు తినేశాయి, అమ్మా నాన్నా పోయారు. తను బతకదని తెలిసీ, నేను భయపడతానని, ఆ నాలుగు రోజులూ అక్క నా అబద్ధాలన్నిటికీ ఊఁ కొట్టిందని తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే.