తంగేడు నీళ్లు, పార్టీ రంగు

యజ్ఞనారాయణ ప్రొద్దుటూరులో కెమిస్ట్రీ లెక్చరర్. పీహెచ్‌డీ మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. గైడు మంచివాడు కాదని అందరికీ చెప్పేవాడు. భార్య ఇందిర ఆడపిల్లల కాలేజీలో బాటనీ చెప్పేది. తంగేడాకు ఉడికించిన నీళ్లు సిల్వర్ నైట్రేట్‌లో పోస్తే, ఆకులోని పదార్థాలు దాన్ని కంటికి కనబడనంత సన్నని వెండి రేణువులుగా మారుస్తాయని ఆమె చదివింది. సిల్వర్ నైట్రేట్ తెచ్చిచ్చింది అతనే. సీసాలో నీళ్లు డికాక్షన్ రంగుకు తిరిగిన రోజు ఆమె పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించింది.

"ఇదంతా మా సబ్జెక్టే," అన్నాడతను. ఆమె వినిపించుకోలేదు.

గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా మీద ఆ రేణువుల చుక్క వేస్తే, చుట్టూ బ్యాక్టీరియా చచ్చి తేటగా ఉంగరం పడింది. తర్వాత జమ్మలమడుగులో అద్దకం పని చేసే మున్వర్ దగ్గర, పనయ్యాక కాలువలో పారబోసే రంగునీళ్లు తెచ్చి, రేణువులు కలిపి ఎండలో పెట్టింది. సాయంత్రానికి రంగు చాలావరకు పోయింది. కాలేజీలో సభ పెట్టి ఆమెకు శాలువా కప్పారు. ఆ సభలో ఎవరో యజ్ఞనారాయణను, "మీరు ఇందిర మేడం భర్తగారు కదా?" అని పలకరించారు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

అవి ఎన్నికల రోజులు. పల్లెల్లో రెండు వర్గాలవాళ్లూ బాంబులు వేసుకుంటున్నారు. మున్వర్ ఇద్దరి జెండాలకూ రంగు అద్దేవాడు, ఒకరివి ఇంటి ముందర తొట్లో, ఇంకొకరివి పెరట్లో.

ఒకనాడు టీ అంగట్లో ఓబులయ్య కలిశాడు. ఒక వర్గం నాయకుని వెంట తిరిగే మనిషి.

"ఏం సార్, మేడం ఏందో మందు కనిపెట్టిందంట గదా?"

యజ్ఞనారాయణకు కడుపు మండింది. "ఆ, పెద్ద మందేలే! మీ జెండా మీద పోస్తే మీ పార్టీ రంగు గూడా ఎగిరిపోతాది."

అందరూ నవ్వారు. ఓబులయ్య నవ్వలేదు.

తర్వాత ఇందిర రంగునీళ్లకని క్యాను పట్టుకుని పోతే మున్వర్ వాకిట్లోనే ఆపాడు. "ఇంక రావద్దు మేడం. జెండాల రంగు పోగొట్టేదానికి అవతలోళ్లు మిమ్మల్ని పంపిస్తాండారని ఓబులయ్యోళ్లొచ్చి గలాటా చేసినారు. పిల్లోళ్లు గలోణ్ణి."

ఇంటికొచ్చి ఆమె ఏడ్చింది. యజ్ఞనారాయణకు లోలోపల హాయిగా ఉండింది. ఆ హాయికి సిగ్గుపడ్డాడు కూడా. కానీ ఓబులయ్య దగ్గరికి పోయి మాట సరిచేయలేదు.

ఇందిర బజారులో రంగుపొడి కొని, బకెట్లో కలుపుకుని పరీక్షలు పూర్తి చేసింది. ఎన్నికలయ్యాక పులివెందులలో ఒక సదస్సుకు పిలిచారు. అతనూ వెళ్లాడు. ఆమె ప్రసంగం ముగియగానే వెనక వరసలోంచి లేచి, "ఈ వెండి పొలాల్లోకి పోతే నేలలోని మంచి సూక్ష్మజీవుల గతేమిటి?" అని అడిగాడు. ఆమె తడబడుతుందని ఎదురుచూశాడు.

"తెలియదు సార్," అంది ఇందిర. "అది తేలేదాకా దీన్ని కాలువలో వదలకూడదు."

చప్పట్లు పడ్డాయి. ఆ 'తెలియదు' అనే మాటను అతను తన గైడు ముందు ఒక్కసారి కూడా అనలేకపోయాడు.

తిరుగు బస్సులో ఆమె అంది: "మంచి ప్రశ్నే అడిగినారు. ఇంట్లోనే అడిగింటే ఆ పరీక్ష గూడా చేసిందును గదా. టీ అంగట్లో మాట గూడా నాతోనే అనింటే పోయేది."

"ఎవరు చెప్పినారు?"

"మున్వర్. ఓట్లకు ముందే."



నేల పరీక్షలకు ఆమె సాయం అడిగింది. చేశాడు. కొన్నేళ్లకు ఆమెకు పీహెచ్‌డీ వచ్చింది. పేరు ముందు 'డాక్టర్' అని రాసిన ఆమె బోర్డును ఇంటి గోడకు బిగిస్తున్న రోజు మాత్రం, తలనొప్పని ముసుగుతన్ని పడుకున్నాడు.