రంగుతో పిలిచిన పుస్తకాలు

మా చిన్నబాపు మనుమడు మొన్న సిరిసిల్ల నుంచి వస్తూ కొత్త బట్ట తెచ్చాడు. సంచి విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా చీరలు గుర్తొస్తాయేమో, నాకు పుస్తకాలు గుర్తొస్తాయి.

మా బాపు తమ్ముడు చిన్నబాపు సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మేం అలాగే అనేవాళ్లం. పొద్దంతా వాటి చప్పుడు, ఎండాకాలం వాకిట్లో ఆరేసిన మామిడి ఒరుగుల పులుపు, నాయనమ్మ నమిలే తంబాకు ఘాటు, వీటన్నిటి మధ్య మా ఇంటికి చరిత్ర, రాజకీయాల పుస్తకాల కోసం మనుషులు వచ్చిపోయేవారు. ఊళ్లలో అన్నలు, వాళ్ల వెనకే పోలీసులు తిరిగే కాలం. అందుకని చిన్నబాపు అట్టలూ, పేరున్న పేజీలూ చింపి పొయ్యిలో వేసి, మిగులు బట్టముక్కలతో కొత్త అట్టలు కుట్టేవాడు. ఇక వాటికి పేర్లుండవు, రంగులే. జగిత్యాలలో ఒక సారుకు ఆకుపచ్చది నచ్చిందంటే, ఆ కబురు కోరుట్ల దాకా పోయేది.

ఒక జూన్‌లో బడి తెరిచే ముందు నేను ఐదో తరగతి పుస్తకాలకు పాత పేపర్ల అట్టలేసి, మైదా బంకతో లేబుళ్లు అతికిస్తున్నాను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు, దిద్దించింది చిన్నబాపే. ఒక లేబుల్ మిగిలింది. పేరు లేని పుస్తకాన్ని చూస్తే జాలేసింది. ఎర్ర అంచు బట్ట వేసినదాని వెనక అట్ట లోపల అతికించి, పేరు దగ్గర చిన్నబాపు పేరు, ఊరు దగ్గర సిరిసిల్ల, విషయం దగ్గర చరిత్ర అని రాశాను. తరగతి దగ్గర ఏం రాయాలో తోచక ‘పెద్ద తరగతి’ అని పెట్టాను. ఆయనే చూసి మురిసిపోతాడని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడే కోరుట్లలో బీడీలు చేసే లచ్చవ్వ వచ్చింది. తునికాకు కట్టలోంచి పుస్తకం తీసి చిన్నబాపుకు ఇచ్చింది.

“నీలిది సదువుడు ఒడిసింది తమ్మీ. రాజుల ముచ్చట గాదు, మన ముచ్చటనే ఉన్నది. ఇప్పుడేది సదవాలె?”

“ఎర్ర అంచుది సదువక్కా. జర కష్టంగుంటది, ఇడువకు.”

ఆమె తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి వెతికితే ఆ ఎర్ర అంచుది దొరికింది. లచ్చవ్వ ఎవరి పేరూ చెప్పలేదట. ఆమె చెప్పే పనిలేకుండా నేనే రాసిపెట్టాను.

ఇద్దరు పోలీసులు ఇంటికొచ్చారు. ఒకతను ‘పెద్ద తరగతి’ అని చదివి నవ్వాడు. “ఎవరు రాసిండ్రు ఇది?” అన్నాడు. అమ్మ కొంగు వెనక నిలబడి నేను నోరు తెరిచాను. మాట రాలేదు. చిన్నబాపు నా వైపు చూడకుండానే, “నేనే రాసుకున్న సార్. నా రాతనే” అన్నాడు.

ఆయన్ని ఠాణాకు తీసుకుపోయారు. పదకొండో రోజున తిరిగొచ్చాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. తెగిన పోగు అతకలేని చెయ్యి సాంచాల దగ్గర ఎందుకు పనికొస్తుంది? ఆ షెడ్డులోనే ఊడ్చే పనికి కుదిరాడు. మిగిలిన పుస్తకాలు అప్పటికే అమ్మ నీళ్ల పొయ్యిలో వేసేసింది. లచ్చవ్వ మళ్లీ మా గడప తొక్కలేదు. ఎవరైనా వచ్చి ఏది చదవమంటావని అడిగితే, “నాకు సదువు రాదు” అనేవాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మరుసటి జూన్‌లో నేను లేబుళ్లు ముట్టకపోతే, పక్కన కూర్చుని ఆ చేత్తోనే బంక పూసి, వంకరగా అతికించి, “రాయి బిడ్డా” అన్నాడు.

చిన్నబాపు పోయి చాలా ఏళ్లయింది. మా పాతింటి సందులో ఇప్పుడు సాంచాల చప్పుడు లేదు, బట్ట అట్టల పుస్తకం ఒక్కటీ మిగల్లేదు.

“అత్తా, చరిత్రవి, రాజకీయాలవి మంచి పుస్తకాలు చెప్పు” అన్నాడు మనుమడు. “తాత మస్తు సదివేటోడట గదా, గవి పేర్లేంది?”

“పేర్లు తెల్వయి కొడుకా. ఒకటి నీలిది, ఒకటి ఎర్ర అంచుది.”

వాడు నవ్వాడు. తెచ్చిన బట్ట మడతపెడుతూ, “తాత వేళ్లు సాంచల పడి నలిగినయట గదా అత్తా? తాతనే చెప్పిండు” అన్నాడు.

ఇంట్లో అలా చెప్పుకున్నాడని నాకు అంతవరకు తెలియదు. ఆనాడు రాని మాట ఇప్పుడైనా వస్తుందని నోరు తెరిచాను.

“ఔ కొడుకా” అన్నాను.